పేరున్న గాయకుల పిల్లల ఆల్బమ్‌లను ఇంట్లో వినిపించే పద్ధతి

పెద్దల కోసం పాడి పేరు తెచ్చుకున్న గాయకులు పిల్లల కోసం కూడా ఆల్బమ్‌లు చేయడం అమెరికాలో చాలాకాలంగా ఉన్నదే. జానీ క్యాష్ 1975లో ఒకటి తెచ్చారు. జాక్ జాన్సన్ 2006లో ఒక కోతిపిల్ల కార్టూన్ సినిమాకు పాటలు పాడారు. జిగ్గీ మార్లే 2009లో విడుదల చేసిన ‘ఫ్యామిలీ టైమ్’కు గ్రామీ పురస్కారం వచ్చింది. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలున్న కోనసీమ ఇళ్లలో వీటిని వినిపించదలచినవారు ముందుగా ఎంపిక మీద శ్రద్ధ పెట్టాలి.

పిల్లలకు నచ్చిన పాట ఇల్లంతా రోజుకు పదిసార్లు మోగుతుంది కనుక, అది పెద్దలు కూడా ఓపిగ్గా వినగలిగినదై ఉండాలన్నదే నా కొలత. ఆల్బమ్ మొత్తాన్ని మీరు ముందుగా ఒంటరిగా వినండి. జానీ క్యాష్ ఆల్బమ్‌లో ఒక పాట పెంపుడు కుక్క మరణం గురించినది. ఇంట్లో ఈ మధ్యే కుక్క చనిపోయి ఉంటే దానిని కొంతకాలం పక్కన పెట్టడం మంచిది. గొంతును బలవంతంగా ముద్దు చేసి పాడినవాటిని మాత్రం ఎప్పటికీ పక్కన పెట్టవచ్చు.

చిన్నపిల్లలకు జాక్ జాన్సన్‌తో మొదలుపెట్టండి. గిటారు నెమ్మదిగా సాగుతుంది, మాటలు స్పష్టంగా వినబడతాయి. అందులో చెత్తను తగ్గించడం, వస్తువులను మళ్లీ వాడటం గురించి ఒక పాట ఉంది. దానికి మాటకు మాట అర్థం చెప్పే బదులు, సాయంత్రం పంటకాలువ గట్టు మీదికి తీసుకువెళ్లి, నీటిలో తేలుతున్న ప్లాస్టిక్ కవర్లను చూపిస్తే సరిపోతుంది.

హైస్కూలు పిల్లలకు ‘దే మైట్ బి జెయింట్స్’ బృందం 2009లో చేసిన ‘హియర్ కమ్స్ సైన్స్’ తగినది. సూర్యుడు మండుతున్న వాయురాశి అని చెప్పే 1959 నాటి పాత పాటను వారు అందులో మళ్లీ పాడి, వెంటనే మరో పాటలో ఆ మాటను సరిదిద్ది, అక్కడ ఉన్నది వాయువు కాదు, ప్లాస్మా (విపరీతమైన వేడికి పరమాణువులు విద్యుదావేశమున్న కణాలుగా విడిపోయిన స్థితి) అని చెబుతారు. పాఠ్యపుస్తకాలు కూడా ఇంత నిజాయితీగా తప్పు దిద్దుకోవడం అరుదు. అందుచేత ఫోన్‌లో షఫుల్ ఆపి, ఈ రెండు పాటలను వరుసగానే పెట్టి, నడుమ కాసేపు ఆగి, మొదటి దానిలో పొరపాటు ఏమిటో పిల్లలనే ఊహించమనండి.

ప్రయాణాలకు పాటలను ముందుగానే డౌన్‌లోడ్ చేసుకోండి. అయితే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినప్పుడు ఇంజను హోరును మించి వినిపించాలని పిల్లల ఇయర్‌ఫోన్లలో శబ్దం పెంచకండి. పిల్లలు 75 డెసిబెల్స్ స్థాయి శబ్దంతో వినడం వారానికి 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగే కొద్దీ ఆ వ్యవధి త్వరగా తగ్గిపోతుంది. ఆ కాసేపు పాట ఆపి, గోదావరిని చూడనివ్వండి.

నాలుగైదు పాటలు నోటికి వచ్చాక మామ్మగారినో అమ్మమ్మగారినో కూర్చోబెట్టి, గొబ్బి పాటలు, చెమ్మచెక్క పాటలు పాడించి, వాటిని కూడా ఫోన్‌లో రికార్డు చేసి అదే జాబితాలో చేర్చండి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపి, ఫోనును పాడేవారికి జానెడు దూరంలో, గుడ్డ పరిచిన బల్ల మీద ఉంచితే మాట చెదరకుండా వస్తుంది.