ఏక్యూఏఆర్ పంపే ముందు చూసుకోవలసినవి

కళాశాలల నాణ్యతను మదింపు చేసి గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ న్యాక్‌కు ఏటా పంపే నాణ్యతా నివేదిక (ఏక్యూఏఆర్) చివరి వారంలో కూర్చుని రాసేది కాదు. చాలా కళాశాలల్లో జరిగేది మాత్రం అదే. కనీసం పంపే ముందు ఇవి చూసుకోండి.

ముందు మినిట్స్ పుస్తకం తీయండి. కళాశాలలోని నాణ్యతా విభాగం ఐక్యూఏసీ మూడు నెలలకు ఒకసారైనా సమావేశం కావాలి, మూడింట రెండు వంతుల మంది సభ్యులు హాజరు కావాలి. నాలుగు సమావేశాల సంతకాలూ ఒకే కలంతో, ఒకే రోజు పెట్టినట్లుంటే చూసేవారు ఇట్టే పసిగడతారు. సభ్యులుగా ఉన్న పూర్వ విద్యార్థి, స్థానిక ప్రతినిధి నిజంగా వచ్చారా? తీర్మానించిన పనుల్లో ఏది జరిగిందో, ఏది ఆగిందో రాశారా? ఆగినదాన్ని ఆగిందనే రాయండి.

అంకెల దగ్గరే అసలు తలనొప్పి. అడ్మిషన్ రిజిస్టర్‌లో 412 మంది ఉండి, నివేదికలో 421 పడితే అది టైపింగ్ పొరపాటే కావచ్చు. కానీ వివరణ అడిగిన రోజు కాగితం చూపాల్సింది మీరే. కేంద్రం జరిపే ఉన్నత విద్యా సర్వేకు (ఏఐఎస్‌హెచ్‌ఈ) పంపిన సంఖ్యలతోనూ పోల్చండి.

నివేదికలో ఆధారాలుగా ఇచ్చిన లింకులను ఆఫీసు కంప్యూటర్‌లో కాక మీ ఫోనులో తెరవండి. అనుమతి ఇవ్వడం మరిచిన ఫైళ్లు అప్పుడే బయటపడతాయి. ఫొటోలకు తేదీ, స్థలం ఉండాలి.

విద్యార్థుల అభిప్రాయ పత్రాలు బీరువాలో పెడితే సరిపోదు. వాటిని చదివి ఏం మార్చారో చూపాలి.

న్యాక్ మదింపుకు వాడే ఏడు ప్రమాణాల ఫైళ్ల నకళ్లు, నివేదిక పంపే ఖాతా పాస్‌వర్డు ఇద్దరి దగ్గరైనా ఉంచండి. ప్రభుత్వ కళాశాలల్లో ఐక్యూఏసీ కోఆర్డినేటర్‌కు బదిలీ ఎప్పుడొస్తుందో తెలియదు.