పాత తుపాకి ముద్రలు చదవడం ఎలా

విజయనగరం, బొబ్బిలి వైపు పాత లోగిళ్ల నుంచి విశాఖ చేరిన తుపాకి చేతికొస్తే, ముద్రలకన్నా ముందు లోపల మందుందేమో చూడాలి. మూతి నుంచి దట్టించే రకమైతే సన్నటి కర్రను అడుగుదాకా దించి, మూతి దగ్గర గీత పెట్టండి. బయట గొట్టం పక్కన ఆనించినప్పుడు కర్ర కొస నిప్పంటుకునే రంధ్రానికి రెండు మూడు అంగుళాల ముందే ఆగితే లోపల ఏదో ఉన్నట్టే. నల్లమందు వందేళ్లకైనా పేలుతుంది. తవ్వకండి, పోలీసులకు చెప్పండి.

మన ఉప్పుగాలికి ముద్రల నిండా తుప్పే. గరుకు కాగితం, వైరు బ్రష్షు జోలికి పోతే తుప్పుతోపాటు అక్షరమూ పోతుంది. మెషిన్ ఆయిల్ రాసి రాత్రంతా ఉంచి, నూలుగుడ్డతో తుడిచి, సుద్దపొడి అద్దండి. టార్చి ఏటవాలుగా పెడితే అరిగిన గీతా కనిపిస్తుంది.

గుర్రం (నొక్కితే కొట్టే సుత్తి) పక్కనుండే ఇనుప పలకమీద గుండె ఆకారం, అందులో వి.ఇ.ఐ.సి. ఉంటే ఈస్టిండియా కంపెనీది, 1808కి ముందుది. ఆ తర్వాత వెనక కాళ్లమీద లేచిన సింహం వచ్చింది. అలంకారానికి చేసే నకళ్లవాళ్లకూ ఈ సింహమంటే మహా ఇష్టం, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకండి.

.303 రైఫిల్‌కి బట్ (భుజానికి ఆనించే చెక్క) మొదలు దూరే ఇనుప భాగం కుడివైపు చూడండి. కిరీటం కింద అప్పటి రాణి లేదా రాజు పేరు పొడి అక్షరాలుంటాయి: వి.ఆర్. ఉంటే 1901 లోపుది, ఇ.ఆర్. అయితే 1901-10, జి.ఆర్. అయితే ఆ తర్వాతది. జి.ఆర్.ఐ. అంటే బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ. రిపబ్లిక్ వచ్చాక కిరీటం స్థానంలో అశోక సింహాలు, ఆర్.ఎఫ్.ఐ. (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అక్షరాలు వచ్చాయి. అక్కడ కొట్టిన ఏడాదే మొత్తం తుపాకి వయసనుకోవద్దు. బోల్టు నంబరు, బాడీ నంబరు కలవకపోతే ఎక్కడో ఒక ముక్క మార్చారు. .410 అని ఉంటే తర్వాత సింగిల్ షాట్‌గా మార్చినది.

డబుల్ బ్యారెల్ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. పైన చెక్కిన పేరు ఒక్కోసారి అమ్మిన కొట్టుది. గొట్టాలు విప్పి అడుగున చదునైన చోట, గట్టిదనం కోసం పేల్చి చూసి వేసిన పరీక్ష ముద్రలు చూడండి. 'నాట్ ఫర్ బాల్' (ఒంటి గుండుకు పనికిరాదు) అని ఉంటే ఆ పరీక్ష 1875-87 మధ్యది. డైమండ్ గడిలో 12 (బోరు కొలత), కింద సి అక్షరం ఉంటే 1887 తర్వాతది. కిరీటం కింద బి.పి., బి.వి. ఉంటే బర్మింగ్‌హామ్‌లో 1904 నుంచి వేసినవి. గుళ్ల బరువు ఔన్సుల్లో ఉంటే 1954కి ముందు, టన్నుల్లో ఒత్తిడి లెక్క ఉంటే 1954 తర్వాత. పాత తుపాకిని మళ్లీ పరీక్షించి కొత్త ముద్ర వేయడమూ మామూలే, అందుకే అన్నిటికన్నా పాత ముద్రనే లెక్కలోకి తీసుకోండి. గొట్టంమీద అలల్లాంటి డమాస్కస్ చారలుండి ఎన్.పి. (నేటి నైట్రో మందుకు పరీక్షించినట్టు గుర్తు) లేకపోతే అది నల్లమందు కాలానిది. నేటి తూటా పెడితే గొట్టం చీలిపోవచ్చు.

గీకేసిన నంబరు కనిపిస్తే బయటకి తీయాలని చూడకండి. 1959 ఆయుధాల చట్టంలో పురాతన తుపాకికి ఇచ్చిన మినహాయింపు, బాగుచేసినా పేలనివాటికే. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంటే ఫొటోలతో సహా పోలీస్ స్టేషన్లో చూపించండి.