ఫోన్‌లో షీట్ ఎంత కిందికి జరిపినా హెడింగులు కనపడాలంటే

మేం కొందరు స్నేహితులం పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుంటాం. ఆ లెక్కంతా నా ఫోన్‌లో, గూగుల్ షీట్స్‌లో ఉంటుంది. ‘తీసుకున్న తేదీ’, ‘తిరిగిచ్చిన తేదీ’ పక్కపక్క కాలమ్‌లు. 140వ వరస దగ్గరికి వచ్చేసరికి హెడింగులు ఎప్పుడో పైకి వెళ్లిపోయాయి. ఒకావిడ తిరిగిచ్చిన తేదీని తీసుకున్న కాలమ్‌లో వేసేశాను. రెండూ తేదీలే, చూస్తే తప్పు తెలియదు. నెల తర్వాత ఆవిడకే ఫోన్ చేసి పుస్తకం ఎప్పుడిస్తారని అడిగాను. పాపం, చాలా నొచ్చుకున్నారు. ఆ రోజే హెడింగ్ వరసని ఫ్రీజ్ చేశాను, అంటే షీట్ జరిపినా కదలకుండా పైనే నిలిపేశాను.

షీట్స్ యాప్‌లో ఎడమ అంచున వరసల నంబర్లు ఉంటాయి కదా, అక్కడ 1 మీద వేలు పెట్టి కాసేపు అలాగే నొక్కి ఉంచండి. సెల్ (గడి) మీద కాదు, నంబరు మీదే. చిన్న మెనూ వస్తుంది, అందులో ‘ఫ్రీజ్’ నొక్కండి. ఆ మాట కనపడకపోతే మెనూ చివరనున్న మూడు చుక్కలో, బాణం గుర్తో నొక్కితే మిగతావి బయటికొస్తాయి. ఇప్పుడు షీట్‌ని కిందికి జరిపి చూడండి, మొదటి వరస కదలదు. తీసేయాలంటే అదే మెనూలో ‘అన్‌ఫ్రీజ్’ ఉంటుంది. షీట్ వేరేవాళ్లదైతే ముందు మీకు ఎడిట్ చేసే అనుమతి ఉండాలి.

ఎక్సెల్ యాప్‌లో దారి వేరు. ముందు షీట్‌ని పూర్తిగా పైకి తెచ్చుకోండి. ఎడిట్ గుర్తు నొక్కితే కింద ‘హోమ్’ అని కనపడుతుంది. దాన్ని నొక్కి ‘వ్యూ’కి మార్చి, ‘ఫ్రీజ్ పేన్స్’లో ‘ఫ్రీజ్ టాప్ రో’ ఎంచుకోండి. పేర్ల కాలమ్ కూడా నిలవాలంటే B2 సెల్ (B కాలమ్, రెండో వరస కలిసే గడి) మీద ఉండి ‘ఫ్రీజ్ పేన్స్’ నొక్కాలి. దాని పైనున్న వరస, ఎడమనున్న కాలమ్ రెండూ ఆగుతాయి.

చాలామంది ఇబ్బంది పడేది దీని తర్వాతే. మూడో వరసని ఫ్రీజ్ చేస్తే మూడోది ఒక్కటే ఆగదు, పైనున్న రెండూ కలిసి ఆగుతాయి. నా షీట్‌లో మొదటి వరసలో పెద్ద అక్షరాలతో శీర్షిక, రెండో వరస ఖాళీ, మూడోదానిలో హెడింగులు ఉండేవి. మూడూ ఆగేసరికి ఫోన్ అడ్డంగా తిప్పి కీబోర్డు తెరిస్తే, టైప్ చేసే వరసకి చోటే లేదు. పై రెండూ తీసేశాను. ‘తిరిగిచ్చిన తేదీ’ని ‘వాపసు’ అని, ‘తీసుకున్న తేదీ’ని ‘తీసిన’ అని కుదించాను. ఫోన్‌లో హెడింగ్ ఒక్క వరసే ఉండాలని, అదీ ఒకట్రెండు మాటల్లోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఒక ఫైల్‌లో నాలుగు షీట్లుంటే నాలుగింటిలోనూ విడివిడిగా ఫ్రీజ్ చేయాలి. కొత్త షీట్ తెరవగానే నేను ముందు హెడింగులు రాసి, ఫ్రీజ్ చేసి, ఆ తర్వాతే మొదటి పుస్తకం పేరు ఎక్కిస్తాను.