చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సినిమాలతో తమిళం నేర్చుకోవడం ఎలా?

చెన్నైలో ఉద్యోగం వచ్చి తరమణి, పెరుంగుడి, షోళింగనల్లూరు, సిరుసేరి వైపు ఇల్లు చూసుకునే తెలుగువారికి మొదటి కొన్ని నెలలు ఇంగ్లీషుతోనే గడిచిపోతాయి. మీటింగులు, మెయిళ్లు, డాక్యుమెంట్లు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక తమిళం రాకపోయినా ఇబ్బంది లేదనిపిస్తుంది. కానీ మీటింగు ముగిసి నలుగురూ టీ తాగడానికి కిందికి దిగగానే మాట తమిళంలోకి మారుతుంది. ఏ పని ఎందుకు ఆగిపోయింది, ఎవరు ఏ ఒత్తిడిలో ఉన్నారు అనే అసలు సంగతులు అక్కడే బయటపడతాయి. ఆ గుంపులో నవ్వు మొహంతో ఊరికే నిలబడవలసి రావడం ఎంత ఒంటరితనమో అనుభవించిన వారికే తెలుస్తుంది.

నన్ను తమిళం నేర్చుకునేలా చేసింది ఒక చిన్న పొరపాటు. ఒక శుక్రవారం సాయంత్రం టెస్టింగు చేసే సహోద్యోగి వచ్చి ఒక రిపోర్టు కావాలా అని అడిగాడు. ఆ రిపోర్టుతో మాకు పని లేదు. నాకు వచ్చిన నాలుగు ముక్కల తమిళంలో ‘అవసరం ఇల్ల’ అన్నాను. అతడు తల ఊపి వెళ్లి, ఆదివారం ఇంట్లో కూర్చుని మొత్తం తయారుచేసి రాత్రికి పంపించాడు. తమిళంలో ‘అవసరం’ అంటే తొందర. నేను ‘అక్కర్లేదు’ అనుకుని అన్న మాట అతడికి ‘తొందరేమీ లేదు’ అని వినిపించింది. మన ‘అవసరం’ అనే అర్థానికి వారు ‘తేవై’ అనీ ‘అవసియం’ అనీ అంటారు. సెలవురోజు వృథా అయిన ఆ మనిషికి క్షమాపణ చెప్పుకున్న రోజునే తమిళం సరిగా నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

పుస్తకంతో మొదలుపెట్టకండి. తమిళంలో రాసే భాషకూ మాట్లాడే భాషకూ మధ్య దూరం చాలా ఎక్కువ. పుస్తకంలో ‘పోగిఱేన్’ అని ఉండేది వాడుకలో ‘పోఱేన్’ అవుతుంది, ‘ఇరుక్కిఱదు’ అన్నది ‘ఇరుక్కు’ అవుతుంది. పుస్తకం చదివి మాట్లాడితే వార్తలు చదివినట్లు ఉంటుంది. వాడుక భాషను పదేపదే వెనక్కి తిప్పి వినగల సాధనం మనకు సినిమా ఒక్కటే, పైగా తెలుగువారికి తమిళ సినిమా కొత్త కాదు. మనం చిన్నప్పటి నుంచి చూసినదే, కాకపోతే తెలుగు డబ్బింగులో చూశాం.

ఆ డబ్బింగునే పెట్టుబడిగా వాడుకోవాలి. తెలుగులో ఇదివరకే రెండు మూడు సార్లు చూసి, కథ పూర్తిగా తెలిసిన సినిమాను ఎంచుకుని, ఓటీటీలో ఆడియోను తమిళానికి మార్చండి. కథ కోసం వెతుక్కునే పని లేదు కనుక చెవి మాట మీద నిలుస్తుంది. ఉదాహరణకు, మనం ‘సఖి’గా చూసిన మణిరత్నం సినిమా తమిళంలో 2000లో వచ్చిన ‘అలైపాయుదే’. అందులో నాయకుడు సాఫ్ట్‌వేర్ రంగంలో నిలదొక్కుకోవాలనుకునే కుర్రవాడు, నాయికను మళ్లీ మళ్లీ కలుసుకునేది చెన్నై ఎలక్ట్రిక్ రైలులో. మొగుడూ పెళ్లాలు, అక్కాచెల్లెళ్లు, స్నేహితులు ఇంట్లో మాట్లాడుకునే చిన్న చిన్న వాక్యాలు నేర్చుకునేవారికి ఎంతో ఉపకరిస్తాయి. అయితే డబ్బింగు మాటలు పెదవుల కదలికకు సరిపోయేలా రాస్తారు కాబట్టి, తెలుగు వాక్యమూ తమిళ వాక్యమూ మాటకు మాట సరిపోవాలని ఆశించకూడదు.

పెద్ద హీరోల సినిమాలను మొదట పక్కన పెట్టండి. వాటిలోని పంచ్ డైలాగులు వినడానికి బాగుంటాయి గానీ కూరగాయల దుకాణంలో ఎవరూ అలా మాట్లాడరు. చారిత్రక చిత్రాల్లోది గ్రాంథికమైన సెందమిళ్. మదురై, తిరునెల్వేలి, కోయంబత్తూరు నేపథ్యంగా వచ్చినవి గొప్పగా ఉన్నా, యాసలు వేరు కనుక రెండో ఏడాదికి ఉంచుకోండి. చెన్నై పేటల యాస వినాలనిపించినప్పుడు, పిజ్జా తినాలని ఆరాటపడే ఇద్దరు మురికివాడ పిల్లల కథగా 2015లో విడుదలైన ‘కాక్కా ముట్టై’ చూడండి. చెన్నై వాడుకలో ‘నైనా’, ‘గమ్మును’ వంటి మాటలు వినబడినప్పుడు నెల్లూరు, చిత్తూరు వైపు వారికి సొంత ఊరు గుర్తుకు రాక మానదు.

రోజుకు ఒక్క సన్నివేశం చాలు. మూడు నాలుగు నిమిషాల ముక్కను మొదట సబ్‌టైటిళ్లతో, తరువాత అవి తీసేసి చూడండి. మూడోసారి ఒక్కో వాక్యం దగ్గర ఆపి, పాత్రతో పాటు పైకి అనండి. విన్నదాన్ని తెలుగు లిపిలో నోటుపుస్తకంలో రాసుకోండి. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం ఉన్నందున కొత్తవారు తడబడతారు. మన లిపిలో విన్నది విన్నట్లు రాసుకోవచ్చు. మనకు లేని ధ్వని ఒక్కటే, ‘తమిళ్’ అనే మాట చివర పలికేది. నాలుకను వెనక్కి మడిచి, అంగిలికి తగలనీయకుండా పలకాలి. అది రాలేదని దిగులు పడనక్కర్లేదు, చెన్నైలోనే చాలామంది దాన్ని మామూలు ‘ళ’గా పలుకుతారు.

ఇక ఆఫీసు తమిళం. ఇది అనుకున్నంత కష్టం కాదు, ఎందుకంటే మనం ‘డిప్లాయ్ చేశాను’ అన్నట్లే వారు ఇంగ్లీషు మాటకు ‘పణ్ణు’ చేరుస్తారు. ‘డిప్లాయ్ పణ్ణిట్టేన్’ అంటే చేసేశాను, ‘పణ్ణిట్టిరుక్కేన్’ అంటే చేస్తూ ఉన్నాను, ‘పణ్ణల’ అంటే చేయలేదు, ‘పణ్ణణుం’ అంటే చేయాలి. ఈ ఒక్క క్రియ రూపాలను సినిమాలో వినబడిన ప్రతిచోటా పట్టుకుంటే ఎవరి పని ఎంతవరకు వచ్చిందో రోజూ చెప్పుకునే స్టాండప్ మీటింగులో సగం మాటలు అర్థమవుతాయి. అంతకన్నా జాగ్రత్తగా వినవలసినది ‘ముడి’ అనే క్రియ. ‘ముడిచ్చిట్టేన్’ అంటే పూర్తిచేశాను, ‘ముడియాదు’ అంటే కుదరదు, ‘ముడియల’ అంటే నా వల్ల కావడం లేదు. మొదలు విని పని అయిపోయిందని సంతోషించకుండా మాట చివరిదాకా వినాలి. మీటింగు వేళల్లో ‘కాల్’ అంటే పావు, ‘ముక్కాల్’ అంటే ముప్పావు: ‘పత్తే ముక్కాల్’ అంటే పదీ ముప్పావు.

సినిమా నుంచి తెచ్చుకోకూడనిది ఒకటుంది. తెరమీద స్నేహితులు మాటకొకసారి ‘డా’ అనీ ‘మచ్చాన్’ అనీ పిలుచుకుంటారు. ‘డా’ అంటే మన ‘రా’; అది చనువు ఉన్నచోట ప్రేమ, లేనిచోట అవమానం. మన ‘అండి’ వంటిది వారి ‘ంగ’: సొల్లుంగ, వాంగ, ఇరుంగ అంటే చెప్పండి, రండి, ఉండండి. టీములో వయసులో చిన్నవారితో సైతం మొదట ‘ంగ’తోనే మాట్లాడండి, వారే ‘డా’ అన్న రోజున మీరూ అనవచ్చు. షేర్ ఆటో డ్రైవరును ‘అణ్ణా’ అనీ, మెస్సులో వడ్డించే ఆమెను ‘అక్కా’ అనీ పిలవడం మనకు అలవాటైనదే. ఎవరైనా ‘ఉంగ వీడు ఎంగ?’ అని అడిగితే మిమ్మల్ని ఏకవచనంతో అన్నారని నొచ్చుకోకండి, అక్కడ ‘వీడు’ అంటే ఇల్లు.

చెవి కుదిరాక లిపి పట్టండి. అచ్చులు 12, హల్లులు 18, ఆయ్‌దం అనే ప్రత్యేక అక్షరం ఒకటి. దారి పొడవునా కనిపించే సినిమా పోస్టర్లే పెద్దబాలశిక్ష అనుకోండి: సినిమా పేరు ముందే తెలిసి ఉంటుంది కనుక అక్షరాలు వాటంతట అవే విడివడతాయి. తమిళ పేరు పెట్టిన చిత్రాలకు వినోదపు పన్ను మినహాయిస్తామని తమిళనాడు ప్రభుత్వం 2006లో ప్రకటించాక నిర్మాతలు ఇంగ్లీషు పేర్లు తగ్గించారు. ఆ తరువాతి ఏళ్ల సినిమాల పేర్లలో మంచి తమిళ మాటలు ఎన్నో దొరుకుతాయి.

నాలుగైదు నెలలకు, సబ్‌టైటిళ్లు లేని ఆటకు సహోద్యోగులతో కలిసి థియేటరుకు వెళ్లండి. హాలంతా నవ్విన చోట మీకు నవ్వు రాకపోతే, ఆ మాటను విన్నంతవరకు గుర్తుపెట్టుకుని, సోమవారం టీ దగ్గర ‘అదుక్కు ఎన్న అర్థం?’ అని అడగండి. ఒకరు చెప్పడం మొదలుపెడతారు, ఇంకొకరు అది మా ఊరి మాట అంటారు, మూడో మనిషి అభినయించి చూపిస్తాడు.