కుక్క కంటి పుసులు ఎండి అంటుకుపోతే

షీ త్జూ, పొమేరియన్ లాంటి బొచ్చు కుక్కలున్న ఇళ్లలో పొద్దున్నే ఇదే గోల: కంటి మూలల్లో పుసులు ఎండి వెంట్రుకలకు అట్టకట్టేస్తాయి. గోటితో గీకబోతే కరవడానికొస్తాయి.

గ్లాసుడు (200 మి.లీ.) నీళ్లు మరిగించి, పావు టీస్పూను ఉప్పు కలిపి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. శుభ్రమైన మెత్తటి నూలుగుడ్డ ముక్క ముంచి పిండి, పుసి మీద ఒక నిమిషం ఆనించి ఉంచండి. కిటుకంతా ఆ నిమిషంలోనే ఉంది, నానిందంటే లాగకుండానే ఊడొస్తుంది. రెండో కంటికి వేరే ముక్క. దూది వద్దు, పోగులు కంట్లో పడతాయి. ఉప్పునీళ్లు ఏ రోజుకారోజు కొత్తగా చేసుకోవాలి.

పుసి చీములా పచ్చగా కారుతున్నా, కన్ను ఎర్రబడి తెరవలేకపోతున్నా దీంతో కాదు, అదే రోజు పశువుల డాక్టరుకు చూపించండి. ఇంట్లో మిగిలిన మన కంటి చుక్కలు మాత్రం వేయొద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంటి పుండు ఇంకా ముదురుతుంది.