క్యూజీఐఎస్ నేర్చుకుందాం – 7: గుంపుగా ఉన్న పాయింట్లకు లేబుళ్లు

మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో పోయిన పాఠం చివర ఇచ్చిన పని చేశారా? చెట్ల లేయరు (మ్యాపులో ఒక పొర, ఇందులో ఒక్కో చెట్టు ఒక్కో పాయింటు) తీసుకుని, ప్రతి చెట్టుకూ దాని నంబరు లేబుల్‌గా పెట్టమన్నాను. విడివిడిగా ఉన్న చెట్లకు నంబర్లు చక్కగా వచ్చి ఉంటాయి. దగ్గరదగ్గరగా ఉన్నచోట మాత్రం సగం నంబర్లు మాయం. కంగారు పడకండి, మీరు చేసిన పొరపాటేం లేదు. ఒక లేబుల్ ఇంకోదాని మీద పడేలా ఉంటే క్యూజీఐఎస్ ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని వదిలేస్తుంది. వేటిని వదిలేసిందో చూడాలంటే లేబుల్ టూల్‌బార్‌లో అన్‌ప్లేస్డ్ లేబుళ్లను చూపించే బటన్ ఉంది. అది నొక్కితే చోటు దొరకనివి ఎర్రగా బయటపడతాయి.

ఇక్కడ అందరికీ తట్టే ఉపాయం ఒకటుంది: ఒకదాని మీద ఒకటి పడినా సరే అన్నీ చూపించు అని సెట్టింగ్ మార్చేయడం. మొదట్లో నేనూ అదే చేశాను. 14 మీద 15, దాని మీద 19 పడి, ప్రింట్ తీస్తే సిరా ఒలికినట్టు వచ్చింది. అక్షరం సైజు తగ్గించడమూ అంతే, కాసేపు మురిపిస్తుంది. లేబుళ్లు ఒకదాన్నొకటి తాకకుండా అన్నిటికీ చోటు వెతకడం కంప్యూటర్లకు కూడా గడ్డు లెక్క అని 1991లోనే నిరూపించారు. కాబట్టి ఆ సెట్టింగులతో కుస్తీ పట్టడం మానేసి, గుంపునే ఒక వస్తువుగా చేసి దానికి లేబుల్ పెడదాం.

గుంపులో ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలనుకుంటే పని తేలిక. లేయర్ ప్రాపర్టీస్‌లో సింబాలజీకి వెళ్లి, సింగిల్ సింబల్ ఉన్నచోట పాయింట్ క్లస్టర్ ఎంచుకోండి. దగ్గరగా ఉన్న పాయింట్లు కలిసిపోయి, మధ్యలో లెక్క చూపించే ఒక గుర్తు వస్తుంది. పాత నంబర్ల లేబుళ్లు ఇంకా కనబడుతుంటే లేబుల్స్ ఆపేయండి.

అక్కడే డిస్టెన్స్ అనే గడిలో 3 మిల్లీమీటర్లు అని ఉంటుంది. అది నేల మీద దూరం కాదు, మ్యాపు మీద దూరం. 1:10,000 స్కేలులో 3 మిల్లీమీటర్లంటే నేల మీద 30 మీటర్లు, 1:50,000లో 150 మీటర్లు. అందుకే జూమ్ చేస్తుంటే గుంపులు విడిపోతుంటాయి, మళ్లీ కలుస్తుంటాయి. తెరమీద చూసే మ్యాపుకు ఇది భలే ఉంటుంది.

మరి గుంపులో ఉన్న చెట్ల నంబర్లన్నీ, "14, 15, 19" అని ఒకే లేబుల్‌లో రావాలంటే? అసలు పాఠం ఇదే. దీనికి జూమ్‌తో మారని గుంపులు కావాలి. అంటే ఏ పాయింటు ఏ గుంపుదో టేబుల్‌లోనే రాసి ఉండాలి.

ముందు మ్యాపు ఏ స్కేలులో ప్రింట్ చేస్తారో తేల్చుకోండి. 1:10,000 అనుకుందాం. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో డీబీస్కాన్ క్లస్టరింగ్ తెరవండి. దగ్గరదగ్గరగా ఉన్న పాయింట్లను గుంపులుగా విడదీసే పద్ధతి ఇది. మినిమమ్ క్లస్టర్ సైజు 5 ఉంటుంది, 2 చేయండి. మ్యాక్సిమమ్ డిస్టెన్స్ 30 ఇవ్వండి. ఒక్క క్షణం, ఆ 30 పక్కన యూనిట్ చూశారా? మీ లేయరు అక్షాంశ రేఖాంశాల్లో ఉంటే అది 30 డిగ్రీలు! ఒక్క డిగ్రీ అక్షాంశమే సుమారు 111 కిలోమీటర్లు. చెట్లన్నీ ఒకే గుంపైపోతాయి. లేయరును ముందు మీటర్లలో ఉండే యూటీఎం ప్రొజెక్షన్‌లోకి మార్చి, అప్పుడు నడపండి.

ఫలితంగా వచ్చే కొత్త లేయరులో క్లస్టర్ ఐడీ అనే కాలమ్ ఉంటుంది. ఒంటరి చెట్లకు అందులో నల్, అంటే ఖాళీ, ఉంటుంది. ఇప్పుడు ఈ లేయరు లేబుల్స్‌లో ఎక్స్‌ప్రెషన్ (సూత్రం రాసే చోటు) తెరిచి, అగ్రిగేట్స్ కింద ఉన్న, విలువల్ని కలిపి ఒకే వరసగా రాసే కాంకటినేట్ ఫంక్షన్ తీసుకోండి. చెట్టు నంబరు ఇచ్చి, గ్రూప్ బై (దేన్ని బట్టి గుంపులు కట్టాలో చెప్పేది) దగ్గర క్లస్టర్ ఐడీ, మధ్యలో కామా పెట్టండి. దీన్ని కేస్‌లో, అంటే ‘ఇలా అయితే ఇది, కాకపోతే అది’ అనే షరతులో, చుట్టాలి: క్లస్టర్ ఐడీ నల్ అయితే చెట్టు నంబరు మాత్రమే, కాకపోతే కాంకటినేట్. ఈ జాగ్రత్త తీసుకోకపోతే ఊళ్లో ఉన్న ఒంటరులందరినీ ఒకే ఇంట్లో పెట్టినట్టు, నల్ ఉన్నవన్నీ కలిపి ఒక పొడుగాటి లేబుల్ తయారవుతుంది.

ఇంకా ఒక చిక్కుంది. గుంపులో మూడు చెట్లుంటే అదే లేబుల్ మూడుసార్లు వస్తుంది. లేబుల్స్‌లోనే రెండరింగ్‌లో షో లేబుల్ పక్కనున్న డేటా డిఫైన్డ్ బటన్ నొక్కి, షరతు రాయండి: క్లస్టర్ ఐడీ నల్ అయినా కావాలి, లేదా ఈ ఫీచర్ ఐడీ (ఒక్కో పాయింటుకు క్యూజీఐఎస్ ఇచ్చే నంబరు) తన గుంపులో అన్నిటికన్నా చిన్నదైనా కావాలి. చిన్నదాన్ని మినిమమ్ ఫంక్షన్ చెబుతుంది, దానికీ గ్రూప్ బై ఇవ్వడం మరచిపోవద్దు.

డీబీస్కాన్‌తో ఒక పేచీ ఉంది. బాట పొడవునా 8 మీటర్లకొక చెట్టు ఉంటే, ఒకదాన్ని పట్టుకుని ఇంకోటి, దాన్ని పట్టుకుని మరోటి, బాట మొత్తం ఒకే గుంపైపోతుంది. అలాంటిచోట దూరం బాగా తగ్గించాలి, లేదా ఆ వరసను వేరే లేయరుగా తీసి చేత్తో లేబుళ్లు సర్దాలి. నేనైతే చేత్తోనే సర్దుతాను.

వచ్చే పాఠానికి పని: అదే లేయరును 30 మీటర్లతో ఒకసారి, 10 మీటర్లతో ఒకసారి నడిపి, రెండిటిలో ఒంటరి చెట్లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి ఉంచండి. లేబుల్ నుంచి పాయింటుకు గీత లాగే కాలౌట్లను ఆ లేయర్ల మీదే నేర్చుకుందాం.