మార్చి గ్రాంటు తీసుకునే ముందు: ఆ రూపాయి ఎక్కడ పుట్టిందో అడగండి

2025లో ఆర్డీటీకి (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థకు) విదేశీ నిధులు తీసుకునే అనుమతి రెన్యువల్ ఆగిందన్న వార్తతో ఉమ్మడి అనంతపురం జిల్లా కలవరపడింది. బత్తలపల్లి, కళ్యాణదుర్గం ఆసుపత్రులను నమ్ముకున్న జనం రోడ్డెక్కారు. 1969 నుంచి పనిచేస్తున్న సంస్థకే ఒక్క అనుమతి దగ్గర అంత ఇక్కట్టు వస్తే, ఇద్దరు ఉద్యోగులు, ఒక అద్దె గది, ఒక పాస్‌బుక్కుతో నడిచే సంఘం తట్టుకోగలదా?

ఈ జాగ్రత్తలు అలాంటి చిన్న సంఘాల కోసమే. బేతంచెర్ల, తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల్లో రాతిదుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడైన కార్మికులకు సిలికోసిస్ మీద జాతీయ విధానం కావాలని అడిగేవాళ్లు, ఫ్లోరైడ్ నీళ్ల గురించి, పసిపిల్లల తిండి గురించి, పొగాకు గురించి ఢిల్లీదాకా మాట చేర్చాలనుకునేవాళ్లు. మీకు జనవరి నుంచి మార్చి 31 దాకా గండకాలం. పెద్ద నెట్‌వర్కుల దగ్గర ఆ ఏడాది బడ్జెట్‌లో డబ్బు మిగిలి ఉంటుంది, సంవత్సరం ముగిసేలోపు ఖర్చు చూపించాలి. అప్పుడు ఫోన్ వస్తుంది: "మీ జిల్లాలో ఒక కన్సల్టేషన్ పెట్టండి సార్, 2 లక్షలు వేస్తాం, అకౌంట్ నంబర్ పంపండి."

సొసైటీ రిజిస్ట్రేషన్, ఆడిట్, 12ఏబీ (ఆదాయపన్ను రిజిస్ట్రేషన్), దర్పణ్ ఐడీ (నీతి ఆయోగ్ పోర్టల్ నంబరు) వంటివి మీ సీఏ చూసుకుంటారు. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

కొంప ముంచే తప్పు

"పంపింది హైదరాబాద్ సంస్థ. వచ్చింది రూపాయల్లో. పడింది మన మామూలు ఖాతాలో. ఇంకేం, లోకల్ డబ్బే కదా." ఈ లెక్కే సంఘాలను ముంచుతోంది.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) 2010లో విదేశీ విరాళం అంటే ఏమిటో చెప్పే 2వ సెక్షన్ చదవండి. విదేశీ మూలం నుంచి నేరుగా వచ్చినా, ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారి వచ్చినా, అది విదేశీ విరాళమే. మధ్యలో ముగ్గురు భారతీయులు ఉన్నా దాని పుట్టుక మారదు. ఎఫ్‌సీ (విదేశీ విరాళాల) ఖాతాలో ఆ డబ్బు మీద పడిన వడ్డీ కూడా విదేశీ విరాళమే.

2020 సెప్టెంబర్‌కు ముందు ఈ చట్టం కింద ఒక రిజిస్టర్డ్ సంస్థ ఇంకో రిజిస్టర్డ్ సంస్థకు ఈ డబ్బు పంచుకునే వీలుండేది. ఆ ఏడాది సవరణతో 7వ సెక్షన్ మారింది. ఇప్పుడు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకెవరికీ బదిలీ చేయకూడదు. మీకు ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, లేకున్నా సరే. 2022 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఆ సవరణలను సమర్థించింది, కాబట్టి "కోర్టులో తేలలేదు" అన్న మాటకూ చోటు లేదు. పాత అలవాటు మాత్రం పోలేదు. ఇచ్చేవాళ్లకూ పోలేదు, తీసుకునేవాళ్లకూ పోలేదు.

అలవాటు పోకపోగా కొత్త వేషం కట్టింది. గ్రాంట్ అనకుండా "కన్సల్టెన్సీ ఫీజు" అంటారు, మిమ్మల్ని ఇన్‌వాయిస్ పంపమంటారు. మామూలు వ్యాపారంలో ఒక సేవకు తీసుకున్న ఫీజు విదేశీ విరాళం కిందికి రాదన్న మాట నిజమే, చట్టంలో ఉంది. కానీ మీరు చేసింది సేవేనా? ఇన్‌వాయిస్ మీద "జిల్లా సర్వే" అని రాసి, ఖర్చులో మీ ఆఫీసు అద్దె, మీ సెక్రటరీ జీతం, మీ మీటింగ్ భోజనాలు చూపించి, మిగిలితే వెనక్కి పంపమన్నారంటే అది గ్రాంటే. వ్యాపారి మిగిలిన ఫీజు వెనక్కి ఇస్తాడా? డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తాడా? తనిఖీకి వచ్చినవాళ్లు మొదట అడిగేదీ ఇదే.

కాబట్టి మళ్లీ చెప్తున్నాం: డబ్బు ఎవరు పంపారని కాదు, ఎక్కడ పుట్టిందని అడగండి. అకౌంట్ నంబర్ ఇవ్వకముందే అడగండి.

ఎలా అడగాలి

ఫోన్‌లో వద్దు, మెయిల్‌లో అడగండి. రెండు వాక్యాలు చాలు: "ఈ మొత్తం మీ స్థానిక ఖాతా నుంచి వస్తోందా, విదేశీ నిధుల ఖాతా నుంచా? ఇది 2010 చట్టం ప్రకారం విదేశీ విరాళం కాదని మీ లెటర్‌హెడ్ మీద, సంతకంతో రాసివ్వగలరు." నిజంగా లోకల్ డబ్బు ఉన్నవాళ్లు ఒకటి రెండు రోజుల్లో పంపుతారు. "అవన్నీ ఎందుకండీ, మనం మనం" అన్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

లెటర్ వచ్చాక కూడా పని ఉంది. డబ్బు పడిన రోజు స్టేట్‌మెంట్ తీసి ఆ ఎంట్రీలో పంపినవారి పేరు, ఖాతా వివరం చూడండి. లెటర్‌లో చెప్పిన ఖాతా, ఎంట్రీలో కనిపించే ఖాతా ఒకటేనా? పేరు ఒకటే ఉండి ఖాతా వేరే కావచ్చు. విదేశీ విరాళం మొదట పడాల్సింది న్యూఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే. అక్కడినుంచి ఖర్చుల కోసం ఏ ఊళ్లోనైనా యుటిలైజేషన్ ఖాతా పెట్టుకోవచ్చు. అందుకే హైదరాబాద్ బ్రాంచి పేరు చూసి లోకల్ అనుకోవద్దు. ఆ స్టేట్‌మెంట్ పేజీని లెటర్‌తో కలిపి పిన్ చేసి ఫైల్లో పెట్టండి.

సభ పెట్టడానికి డబ్బు మీ ఖాతాకు రావాలనే లేదు. ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ తన కార్యక్రమంగా తనే నడపొచ్చు. హాలు బిల్లు, 60 మంది భోజనాల బిల్లు, బస్సు అద్దె వాళ్ల పేరుమీదే రాయించి వాళ్లే నేరుగా చెల్లిస్తే సరిపోతుంది. మీరు మనుషుల్ని కూడగట్టండి, మాట్లాడండి. మీ పేరు బ్యానర్ మీద చిన్నగా పడుతుంది. పడనీయండి.

కువైట్ చందా, అమెరికా చందా

రాజంపేట, రాయచోటి, కడప వైపు సంఘాలకు గల్ఫ్ నుంచి చందాలు వస్తాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవాడు కువైట్‌లో కూలి చేసి దాచుకున్న సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే డబ్బు అక్కడి షాపు యజమాని ఇస్తే, అక్కడ పెట్టుకున్న అసోసియేషన్ పేరుతో వస్తే, విదేశీ విరాళం. అమెరికాలో పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకిచ్చే కార్డు) వచ్చే మన ఊరి డాక్టర్‌గారి చెక్కు కూడా అంతే. మనవాడే, మన యాసే మాట్లాడతాడు, చట్టం దృష్టిలో మాత్రం విదేశీయుడు. ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు జెరాక్స్ తీసుకోండి. పదిమంది చందా ఒకడి ఖాతానుంచి రావద్దని చెప్పండి.

డబ్ల్యూహెచ్‌వో, యూనిసెఫ్ లాంటి ఐక్యరాజ్యసమితి సంస్థలు విదేశీ మూలం లెక్కలోకి రావు. నేరుగా వాటి నుంచే వస్తోందని కాగితం ఉండాలి, అంతే.

విధానం మార్చే పనికి ఏ డబ్బు?

2017 ఏప్రిల్‌లో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్‌ను కేంద్ర హోంశాఖ రద్దు చేసింది. విదేశీ డబ్బుతో పొగాకు నియంత్రణ మీద ఎంపీల దగ్గర, మీడియా దగ్గర, ప్రభుత్వం దగ్గర లాబీయింగ్ చేశారన్నది చూపిన కారణాల్లో ఒకటి. పొగాకు తగ్గించడం ప్రభుత్వ విధానమే. 2003లో పార్లమెంటే చట్టం చేసింది. అయినా ఆ కారణం చూపారు. 2020 మార్చి 6న సుప్రీంకోర్టు బంద్‌లు, ధర్నాల విషయంలో కొంత ఊరట ఇచ్చింది. క్రియాశీల రాజకీయాలతో, పార్టీలతో సంబంధం లేని సంఘం ప్రజాసమస్య మీద ధర్నా చేసినంత మాత్రాన దాన్ని రాజకీయ స్వభావం ఉన్న సంస్థగా చూడకూడదంది. ఆ తీర్పు మీకు కోర్టులో పనికొస్తుంది. కోర్టు మెట్లెక్కే లోపల మీ ఖాతా స్తంభించిపోతుంది.

అందుకే ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు విదేశీ డబ్బును సర్వే, శిక్షణ, పరిశోధన, వైద్య శిబిరం మీద పెట్టండి. ఎంపీని కలవడానికి, పత్రికలవాళ్లతో మాట్లాడటానికి, ఢిల్లీ ప్రయాణానికి స్థానిక చందా వాడండి. వేరే ఖాతా, వేరే వోచర్ బుక్కు. ఒకే రైలు టికెట్‌ను సగం ఇక్కడ, సగం అక్కడ రాయొద్దు.

నిజానికి ఈ పనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. కేంద్రం ముసాయిదా చట్టాలను, నిబంధనలను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని 2014లోనే విధానం పెట్టుకుంది. ఆ గడువులో పంపే 4 పేజీల నివేదికలో బరువు ఉండాలి: ఏ ఊళ్లో ఎంతమంది పాలిష్ కార్మికులు, ఎన్నేళ్ల పని, ఎంతమందికి ఎక్స్‌రే తీయించారు, సిలికోసిస్‌ను టీబీ అనుకుని ఎన్ని కోర్సుల మందులు మింగించారు. రాజస్థాన్ 2019లో న్యుమోకోనియోసిస్ (సిలికోసిస్ లాంటి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు) విధానం తెచ్చింది. దాన్ని పక్కన పెట్టుకుని మన దగ్గర ఏది లేదో వరుసగా రాయండి. 5 వేల చందాతో అయిపోయే పని ఇది. దీనికోసం పుట్టుక తెలియని 2 లక్షలు తీసుకుని సంఘాన్ని పణం పెట్టకండి.

ఇక ఇవి

పొగాకు కంపెనీ డబ్బు ఏ పేరుతో వచ్చినా వద్దు.

పసిపిల్లల పాలపొడి కంపెనీ స్పాన్సర్‌షిప్ వద్దు. 1992 చట్టం ఆ కంపెనీలు ఆరోగ్య కార్యకర్తలకు, వాళ్ల సంఘాలకు డబ్బు రూపంలో మేలు చేయకూడదంటోంది.

మందుల కంపెనీ డబ్బుతో ఆ కంపెనీ మందునే పథకంలో చేర్చమని అడగకండి. న్యాయమైన కోరికైనా ఎవరూ నమ్మరు.

సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే) డబ్బైతే కంపెనీ సెక్రటరీ నుంచి లెటర్ తీసుకోండి. కంపెనీది కాకుండా దాని ఫౌండేషన్‌దైతే, ఆ ఫౌండేషన్‌కు డబ్బు ఎక్కడిదో అడగండి.

ఎఫ్‌సీ డబ్బులో విలేకరికి, ప్రభుత్వోద్యోగికి, ఎన్నికల అభ్యర్థికి ఒక్క రూపాయి వెళ్లకూడదు. ప్రెస్‌మీట్‌లో కవర్లు అసలే వద్దు.

కార్యవర్గంలో ఎవరైనా నామినేషన్ వేస్తుంటే ముందు రాజీనామా తీసుకోండి.

కార్యాలయ ఖర్చు ఎఫ్‌సీలో 20 శాతం దాటకూడదు. కార్యవర్గ సభ్యుల ప్రయాణాలు కూడా అందులోకే వస్తాయి, రెండు ఢిల్లీ విమానాలతోనే లెక్క తప్పుతుంది.

ఎఫ్‌సీ-4 (విదేశీ విరాళాల వార్షిక రిటర్న్) గడువు డిసెంబర్ 31. ఏడాదంతా ఒక్క రూపాయి రాకపోయినా సున్నా చూపించి వేయండి.

రెన్యువల్ చివరి నెలదాకా ఆపొద్దు. గడువుకు కనీసం 4 నెలల ముందే దరఖాస్తు వేయమని 2025 ఏప్రిల్‌లో హోంశాఖే చెప్పింది.

ఒక మనిషికి ఒక రోజులో 10 వేలు దాటి నగదు ఇవ్వొద్దు.

ఖాళీ వోచర్ల మీద సంతకాలు పెట్టించి ఉంచొద్దు. కార్మికుల వేలిముద్రలు తీసుకుని తర్వాత అంకెలు వేయడం మోసం. ఆ కార్మికుడి పేరుతోనే మీరు ఢిల్లీకి నివేదిక రాస్తున్నారు.

మీ ఉద్యోగి వ్యక్తిగత ఖాతాలో గ్రాంట్ వేయించుకోవద్దు. ఇరుక్కునేది ఆ పిల్లవాడు. 35వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు.

"అందరూ తీసుకుంటున్నారు" అన్నవాణ్ని లెటర్ అడగండి. "టైం లేదు, మార్చి 31 దాటిపోతుంది" అన్నవాణ్నీ లెటర్ అడగండి. ఎక్కడ పుట్టిందో చెప్పని రూపాయి వద్దు.

ఇప్పటికే పడిపోయిందా? ఖర్చు పెట్టకండి. ఏటీఎం కార్డు, చెక్‌బుక్కు సెక్రటరీ దగ్గరనుంచి తీసుకుని అధ్యక్షుడి దగ్గర పెట్టండి. అదే రోజు పంపినవాళ్లకు "ఇది ఏ ఖాతా డబ్బు?" అని మెయిల్ పెట్టండి. మీ మామూలు ఆడిటర్ చాలడు, ఎఫ్‌సీఆర్ఏ కేసులు చూసే సీఏ దగ్గరికి ఆ మెయిలు, స్టేట్‌మెంట్ తీసుకుని వెళ్లండి. వెనక్కి పంపాలా, ఎలా పంపాలి అన్నది ఆయన రాసిచ్చాకే ఆ డబ్బు కదలాలి.